గెట్టు ఎప్పుడు జరుపుతవు?

(మంథనిలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో వారి పేరు ఆహ్వానపత్రం మీద అచ్చయింది. నేను మాత్రం ఈ పూటంతా ‘అయ్యగారు’ అనే అంటాను. మా ఊళ్లో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. క్రైస్తవ విశ్వాసంలో మారుమనస్సు అనే విషయం మీద మాట్లాడమని కమిటీవారు ఉత్తరం రాస్తే నెల రోజులు జవాబివ్వలేదు. నేను వేదాంత కళాశాలలో చదివినవాణ్ణి కాను, బడిలో పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. అదొక్కటే కారణం అయితే కాదనేవాణ్ణి, అయిపోయేది. కాని ఆ మాటతో మా ఇంటికి ఒక పాత లెక్క ఉంది. దాన్ని దాచిపెట్టి ఈ వేదిక మీద నిలబడితే అయ్యగారు ఎక్కడున్నా ఊరుకోరు. అందుకని ముందు ఆ లెక్కే చెబుతాను.

మాది మానేరుకూ గోదావరికీ నడుమ ఒక చిన్న ఊరు. మాకు మూడెకరాల చెలక ఉండేది. పక్కన ఒక విధవరాలి చెలక. రెండింటి నడుమ గెట్టు, గెట్టు మీద ఒక వేపచెట్టు. మా బాపు ఏటా దున్నేటప్పుడు నాగలిని గెట్టు మీదికి కొంచెం ఒరగనిచ్చేవాడు. ఒక్క చాలు. ఏడాదికి ఒక్క చాలు ఎవరి కంటికీ ఆనదు. పది పన్నెండేండ్లు తిరిగేసరికి గెట్టు మీది వేపచెట్టు మా చెలకలో నిలబడి ఉంది. చెట్టు నడిచి రాలేదని ఊరందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. ఆమె వైపు మాట్లాడే మగదిక్కు లేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఎండకాలంలో ఉజ్జీవ కూటాలు పెట్టారు. తాటాకు పందిరి, పెట్రోమాక్స్ దీపాలు, దూరం నుంచి వచ్చిన ప్రసంగీకుడు. మూడో రాత్రి మా బాపు లేచి నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. కల్లు మానేస్తున్నానన్నాడు, బీడీ మానేస్తున్నానన్నాడు, నిజంగానే రెండూ మానేశాడు. మా అవ్వ ఆ రాత్రంతా నిద్రపోలేదు, సంతోషంతో. మూడు రోజులు గడిచాక అయ్యగారు సైకిలు మీద వచ్చారు. నులకమంచం మీద కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, మా బాపు ముఖంలోకి చూసి ఒకే మాట అడిగారు: “గెట్టు ఎప్పుడు జరుపుతవు?”

బాపు ముఖం మాడిపోయింది. “దేవుడు క్షమించిండు గద అయ్యగారూ” అన్నాడు.

“క్షమించిండు. సంతోషం. ఆమె భూమి ఆమెకు రాలే.”

ఆ తరువాత రెండు ఈస్టర్లు మా బాపు గుడికి పోలేదు. మూడో ఏడు మళ్లీ పోవడం మొదలుపెట్టాడు. గెట్టు మాత్రం జరగలేదు. అయ్యగారు మళ్లీ అడగలేదు కూడా. కనబడ్డప్పుడల్లా బాగోగులు కనుక్కునేవారు, పండుగకు అవ్వ పంపిన సకినాలు తినేవారు. ఆయన చూపులో మాత్రం ఆ ప్రశ్న అట్లాగే ఉండేదని మా బాపు చాలా ఏండ్ల తరువాత నాతో అన్నాడు.

వేదపండితుల ఊళ్లో నిలబడి మాట్లాడుతున్నాను, అందుకని మాటల సంగతి కొంచెం చూద్దాం. ‘పశ్చాత్తాపం’ మీ ఇంటి మాట. పశ్చాత్ అంటే తరువాత, తాపం అంటే మంట. పని అయిపోయాక కాలడం. ఇక్కడి బళ్లోనే మా సంస్కృతం పంతులుగారు బోర్డు మీద విడగొట్టి చూపించారు. ‘మారుమనస్సు’ అట్లా కాదు. అది బైబిలు తెలుగులోనే ఎక్కువగా వినిపించే మాట. గ్రీకులో ‘మెటనోయా’ అనేదానికి పెట్టుకున్నది: బుద్ధి మళ్లడం. దాని వెనక హీబ్రూలో ఇంకా మోటు మాట ఉంది, ‘షూబ్’. తిరగడం, వెనక్కి రావడం. దారి తప్పిన ఎద్దు కొట్టంకేసి మళ్లిందంటే చాలే, ఆ మాటకు అంతకంటే పెద్ద అర్థం లేదు. హీబ్రూ ప్రవక్తలు మంటను గురించి కాదు, కాళ్లను గురించి మాట్లాడారు.

‘మారు’ అనే మన తెలుగు ముక్కతో ఒక చిక్కు కూడా ఉంది. మారుపేరు అంటే అసలు పేరు స్థానంలో పెట్టుకున్నది. మారువేషం అంటే మోసం కోసం వేసుకున్నది. మారుమనస్సు ఆ వరుసలోకే జారిపోవడానికి ఎంతోసేపు పట్టదు. మా బాపుది మారువేషం అని నేననను. ఆయన కన్నీళ్లు నిజమైనవి. అవి వేపచెట్టు దాకా పారలేదు, అంతే.

యూదుల సంప్రదాయంలో ప్రాయశ్చిత్త దినం అని ఒకటుంది, యోమ్ కిప్పూర్. మిష్నా అనే వాళ్ల ధర్మగ్రంథం ఆ దినం గురించి ఒక షరతు పెడుతుంది: దేవుడి పట్ల చేసిన తప్పులు ఆ రోజు తుడిచిపెట్టుకుపోతాయి, పొరుగువాడి పట్ల చేసినవి మాత్రం పొరుగువాణ్ణి సమాధానపరచేదాకా పోవు. యేసు ఆ సంప్రదాయంలోనే పుట్టి పెరిగినవాడు. బలిపీఠం దగ్గర అర్పణతో నిలబడ్డప్పుడు సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు అతని దగ్గరికి పొమ్మని ఆయన కొండ మీద చెప్పాడు. ఆదివారం చందా సంచీ చేతికొచ్చినప్పుడు ఈ మాట గుర్తొచ్చి లేచిపోయినవాణ్ణి నా జీవితంలో నేనింతవరకు చూడలేదు. నేనూ లేచిపోలేదు.

మీ ధర్మశాస్త్రాలకు ఇది కొత్త కాదు. యాజ్ఞవల్క్యస్మృతి మూడు భాగాల్లో చివరిది ప్రాయశ్చిత్తమే. మనుస్మృతి పదకొండో అధ్యాయంలో చేసిన తప్పు నలుగురిలో చెప్పుకోవడం, అనుతాపం, తపస్సు, అధ్యయనం, దానం వరుసగా వస్తాయి. చెప్పుకోవడాన్నీ తపించడాన్నీ ముందు పెట్టడం చూస్తే అక్కడ మనసు ఎరిగినవాడెవడో ఉన్నాడనిపిస్తుంది. అదే అధ్యాయం హత్యకు ప్రాయశ్చిత్తాన్ని చచ్చినవాడి కులాన్ని బట్టి కొలిచింది. శూద్రుడు చస్తే బ్రాహ్మణ హత్యకు విధించినదాంట్లో పదహారో వంతు. దీన్ని దాటవేసి పోతే నేను ఈ వేదిక మీదికి ఏ వాడ నుంచి వచ్చానో మరిచిపోయినట్టు. మా గుళ్ల సంగతికి కూడా వస్తాను, తొందరపడకండి.

తెలుగు బైబిలు ‘ప్రాయశ్చిత్తం’ మాటను మీ దగ్గరే తీసుకుని లోపల మనిషిని మార్చేసింది. శాస్త్రంలో తప్పు చేసినవాడు ప్రాయశ్చిత్తం చేసుకుంటాడు. లేవీయకాండంలో యాజకుడు అతని కోసం చేస్తాడు. సిలువ దగ్గరికి వచ్చేసరికి ఎవరికి అన్యాయం జరిగిందో ఆయనే చేస్తాడు. క్రైస్తవ విశ్వాసంలో నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఇదే. గెట్టు పోగొట్టుకున్నవాడే వచ్చి అప్పు తీర్చి పోయాడంటుంది సువార్త. అయితే ఇక గెట్టు జరపనక్కర లేదు గదా అని మా బాపు అడిగాడు. రెండు వేల ఏండ్లుగా సంఘం కూడా ఇదే అడుగుతూ వస్తోంది.

దీనికి జవాబు యూదా దగ్గర మొదలుపెట్టాలి. యేసు శిష్యులు పేతురూ యూదా ఇద్దరూ ఒకే రాత్రి తప్పు చేశారు. పేతురు ఆయనెవరో తనకు తెలియదన్నాడు. యేసును ముప్పై వెండి నాణేలకు అప్పగించిన యూదాకు మన తెలుగు బైబిలు ‘పశ్చాత్తాపం’ అనే మాటే వాడింది, మారుమనస్సు అనలేదు. గ్రీకులో కూడా అక్కడ వేరే మాటే ఉంది. విచిత్రం ఏమంటే యూదా లెక్క సరిచేశాడు. నాణేలు తిరిగి ఇచ్చాడు, తప్పు చేశానని నోటితో ఒప్పుకున్నాడు. మా బాపు చేయనిది అతను చేశాడు. అయినా పోయి ఉరి వేసుకున్నాడు. ఎందుకు? అతను పోయింది యాజకుల దగ్గరికి. మాకేంటి, నువ్వే చూసుకో అన్నారు వాళ్లు. డబ్బు ఏ ఖాతాలో వేయాలా అని వాళ్ల చర్చ. పేతురు ఏమీ తిరిగివ్వలేదు, ఇవ్వడానికి ఏమీ లేదు, వెలుపలికి పోయి ఏడ్చాడు. కాని మూడో నాటికి మిగతా శిష్యుల మధ్యనే ఉన్నాడు. అందుకని గెట్టు జరపడం ఒక్కటే మారుమనస్సు అని నేను చెప్పబోవడం లేదు. తిరిగి రావాలంటే రానిచ్చే గుమ్మం ఒకటి ఉండాలి. యూదా చావులో అతని పాపం ఎంతో, ఆ యాజకుల చల్లని మాట కూడా అంత.

గోదావరి దాటితే మంచిర్యాల. 1999లో ఏర్పడ్డ ఆదిలాబాద్ కతోలిక మేత్రాసనానికి అది కేంద్రం, కేరళ నుంచి వచ్చిన సీరో మలబారు ఫాదర్లు నడుపుతారు. ఇవతల మన సి.ఎస్.ఐ. కరీంనగర్ డయాసిస్ 1978 నాటిది. ఒకే నది, రెండు ఒడ్లు, రెండు తెలుగులు. మేం మారుమనస్సు అంటే వాళ్లు హృదయపరివర్తనం అంటారు. మేం లెంటు దినాలు, శ్రమల కాలం అంటే వాళ్లు తపస్సు కాలం అంటారు. ఫాదరు చెవిలో తప్పులు చెప్పుకోవడాన్ని పాపసంకీర్తనం అంటారు. ఆ మాట నాకు భలే ఇష్టం. పాపాన్ని కీర్తించడమేంటని నవ్వేవాళ్లు ఉన్నారు గాని, నోరు విప్పి గట్టిగా పలకనిదే కీర్తన కాదు, పాపం వదలదు.

1215లో రోమ్‌లో జరిగిన లాటెరన్ మహాసభ ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా ఈ సంకీర్తన చేయాలని నియమం పెట్టింది. పాత పడమటి సంఘం దీనికి మూడు కాళ్లు చెప్పింది: మనసు నలగడం, నోటితో చెప్పడం, చేతితో సరిదిద్దడం. మూడో కాలు తరువాత దుకాణంగా మారింది. డబ్బు కడితే శిక్ష తగ్గించే పత్రాలు అమ్మారు. 1516లో ఎరాస్మస్ గ్రీకు కొత్త నిబంధన అచ్చువేశాక, లాటిన్లో ‘తపస్సు చేయండి’ అన్నట్టు ధ్వనించే చోట అసలు మాట బుద్ధి మళ్లడమని పండితులకు గట్టిగా తెలిసింది. మరుసటి ఏడు లూథర్ రాసిన తొంభై అయిదు అంశాల్లో మొదటిదే ఇది, విశ్వాసి బతుకంతా మారుమనస్సే కావాలని. సరైన మాటే. కాని దుకాణం మూసేటప్పుడు మావాళ్లు తక్కెడను కూడా బయట పారేశారని నా అభియోగం. మూడో కాలు విరిగింది. ఏడుపు మిగిలింది, సాక్ష్యం మిగిలింది.

పూర్తిగా పోలేదు, నిజమే. కరీంనగర్ ప్రాంతానికి సువార్త తెచ్చింది వెస్లియన్ మెథడిస్టులు. వాళ్ల మూలపురుషుడు జాన్ వెస్లీ 1742లో బ్రిస్టల్‌లో ‘క్లాసు’ కూటాలు మొదలుపెట్టాడు. పన్నెండు మంది చొప్పున వారానికోసారి కూడి ఎవరి నడత ఎట్లా ఉందో ఒకరికొకరు చెప్పుకోవాలి. అది ఎట్లా పుట్టిందనుకున్నారు? కూటం మందిరం కట్టిన అప్పు తీర్చడానికి. వారానికో పెన్నీ వసూలు చేసేందుకు ఇల్లిల్లూ తిరిగిన మనిషికి, డబ్బుతోపాటు వాళ్ల బతుకులు కూడా కనబడ్డాయి. అప్పు వసూలుకు పోయి ఆత్మ లెక్క తెలుసుకున్నారు. సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగిన మా అయ్యగారు ఆ వంశం మనిషే.

ఇప్పుడు జక్కయ్య. ఈ కథ మా వాడల్లో పిల్లలు కూడా చెబుతారు, పొట్టివాడు, మేడిచెట్టు ఎక్కాడు అని. చెట్టు దగ్గరే ఆగిపోతారు. మన బైబిలు అతన్ని సుంకపు గుత్తదారుడు అంటుంది. ఈ మాటను నిజాం ఇలాకాలో బతికిన మన తాతలకు వేరే వివరించనక్కర లేదు. ఇంత శిస్తు సర్కారుకు కడతానని గుత్తకు పాడుకోవడం, దానికి రెట్టింపు రైతు దగ్గర గుంజడం. సాలార్‌జంగు నిజాం దివానుగా 1860లలో జిల్లాబందీ తెచ్చి పైన గుత్తదార్ల రాజ్యాన్ని కట్టడి చేశాడు, కింద పటేల్ పట్వారీల రాజ్యం మిగిలే ఉంది. యెరికో జక్కయ్య మన పట్వారీకి పెద్దన్న.

మోషే ధర్మశాస్త్రం ప్రకారం అన్యాయంగా తీసుకున్నదాన్ని తిరిగి ఇస్తూ దానికి ఐదో వంతు కలపాలి. గొర్రెను దొంగిలించి అమ్మితే నాలుగు గొర్రెలు ఇవ్వాలి. జక్కయ్య తనకు తాను గొర్రెల దొంగ శిక్ష వేసుకున్నాడు: నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, ఆస్తిలో సగం బీదలకన్నాడు. ఇంత మాట అతని చేత ఎవరు అనిపించారు? ఎవరూ అనిపించలేదు. యేసు ఈ పూట అతని ఇంట్లో ఉంటానన్నాడు, అంతే. ముందు ఇల్లు తెరిచాడు, తరువాత పెట్టె తెరిచాడు. మా బాపుకు ఇచ్చే జవాబు ఇక్కడుంది. గెట్టు జరపడం క్షమాపణకు వెల కాదు. క్షమాపణ దొరికినవాడి చేతులు ఊరికే ఉండలేవు. యొర్దాను ఒడ్డున బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకొచ్చి మేమేం చేయాలని జనం అడిగితే ఆయన ఉపవాసం చెప్పలేదు, జాగరణ చెప్పలేదు. రెండు అంగీలున్నవాడు ఒకటి ఇవ్వమన్నాడు, సుంకరులను ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు, సిపాయిలను జనాన్ని బెదిరించి గుంజొద్దన్నాడు. అన్నీ లెక్కల సంగతులే. భూమి దగ్గరికొస్తే ఈ లెక్క ఎంత కష్టమో మంథనికి చెప్పాలా? 1957 నుంచి నాలుగుసార్లు మీరు అసెంబ్లీకి పంపిన పీ.వీ. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా భూసంస్కరణల మాట గట్టిగా ఎత్తి ఎంతమందికి కంటయ్యారో పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

తెలుగునేల మీద మారుమనస్సుకు పెద్ద పరీక్ష జరిగింది ఒంగోలు దిక్కు. 1876–78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. అక్కడ ఆయనకొక భయం పట్టుకుంది. గంజి కోసం బాప్తిస్మం అడుగుతారేమోనని. అందుకని కరువు సాగినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. మతం మార్చడానికి వచ్చిన దొర మతం మార్చనన్నాడు! కరువుపని ఆగిపోయి, పంచడానికి ఆయన చేతిలో ఏమీ మిగలని రోజుల్లో కూడా జనం వస్తూనే ఉంటే ఇక ఆపలేకపోయాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని ఇచ్చారు.

మన దగ్గర ఈ అంకె చెప్పి ఆగిపోతారు. నాకు అంకె కంటే ముందు జరిగినది ముఖ్యం. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందు యోగమార్గంలో గురువుల వెంట తిరిగి సత్యం వెతుక్కున్నవాడు. ఆయన వెంట పల్లెపల్లెలో మొదలైన కదలిక అది. చేరేవాళ్లను మూడు సంగతులు అడిగేవారు: ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి బడిపిల్లల నియమాల్లా ఉంటాయి. మాదిగవాడలో నిలబడి వినండి. ఆదివారం పనికి పోకపోతే ఆసామి కోపం. చచ్చిన గొడ్డును ఎత్తకపోతే ఊరితో ఉన్న కట్టు తెగింది, తోలు పోయింది, గింజలు పోయాయి. జాతరలో డప్పు కొట్టనంటే బావి దారి మూసేశారు, దెబ్బలు పడ్డాయి. వాళ్ల మారుమనస్సుకు మొదటి సాక్ష్యం వాళ్ల పొయ్యి చల్లబడడం. గంజి కోసం మారారని ఈ రోజుకూ ఎత్తిపొడిచేవాళ్లున్నారు. మారినందుకు గంజి పోగొట్టుకున్నవాళ్ల కథ చెప్పేవాళ్లే తక్కువ.

అంతటితో కథ తీపిగా ముగియలేదు. తరువాతి తరాల్లో మాల గుడి, మాదిగ గుడి వేరయ్యాయి. ఒకే పాత్ర నుంచి తాగాల్సిన బల్ల దగ్గర ఎవరు ముందు తాగాలనే తగువు వచ్చింది. చాలా చోట్ల సమాధుల తోటలు కూడా వేరే. పదహారో వంతు అని నేను మనువును నిలదీశాను. మా సమాధుల తోటలో మేం ఎన్నో వంతు వేసుకున్నామో మేం చెప్పాలి. ఒక్క మనిషి పాపం ఒప్పుకుంటే సాక్ష్యం అంటాం, చప్పట్లు కొడతాం. సంఘం పాపం ఒప్పుకోమంటే సమావేశం వాయిదా వేస్తాం.

ఇంకొక గెట్టు కాగితం మీద ఉంది. 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులపు హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగలు మన దగ్గర బి.సి.–సి కిందికి వస్తారు, ఒక్క శాతం రిజర్వేషన్. అందుకని గుళ్లో ఒక పేరు, తహసీలు ఆఫీసులో ఒక పేరు. నేను ముందు చెప్పిన మారుపేరు ఇదే. మారుమనస్సు పొందినవాడు ఆ ఎస్సీ సర్టిఫికెటు వాపసు ఇవ్వొద్దా అని నన్ను చాలామంది అడిగారు, అడిగినవాళ్లలో సగం మందికి ఆ సీటు మీద కన్నుంది. నా తీర్పు ఇది: అబద్ధం అబద్ధమే, దాన్ని కప్పిపెట్టను. కాని బాప్తిస్మపు నీళ్లతో అంటరానితనం పోలేదని తెలిసీ పోయినట్టు రాసుకున్న ఉత్తర్వు అంతకు ముందటి అబద్ధం. గెట్టు దున్నుకున్నవాడే పక్కవాణ్ణి పాస్‌బుక్కు సరిచూసుకో అన్నట్టుంది.

మా సాక్ష్యాల గురించి కూడా ఒక మాట అనకపోతే నాకు తృప్తి లేదు. ‘ఫలానా తారీఖున రక్షణ పొందాను’ అని మొదలవుతాయి. తారీఖు ఉండడం తప్పేం కాదు, పెండ్లికీ తారీఖు ఉంటుంది. కాని పాపాల జాబితా వినండి: సారా, కల్లు, బీడీ, సినిమా, పేకాట. నలభై ఏండ్లుగా ఇదే జాబితా. మిత్తి వ్యాపారం చేశాను, నూటికి ఐదు రూపాయలు గుంజాను అని ఎవరైనా లేచి చెప్పగా విన్నారా? కొడుకు పెండ్లిలో తీసుకున్న కట్నం వాపసు ఇచ్చాను అని? బీడీ పాపమని ప్రసంగీకుడు గొంతు చించుకుంటుంటే ఎదురుగా చాపల మీద కూర్చున్నది బీడీలు చుట్టి పిల్లలను చదివించుకునే తల్లులు. తునికాకు కోసుకొచ్చి, రోజంతా వంగి కూర్చుని చుట్టి వచ్చినవాళ్లు. వాళ్ల కూలి తగ్గించి కొట్టిన కమీషనుదారు ముందువరుస కుర్చీలో ఉంటాడు. అతను బీడీ తాగడు, అందుకని అతనికి ఏ చిక్కూ లేదు.

అయ్యగారు జాబితాలు చదవలేదు. ఎవరింట్లో ఏ వేపచెట్టు ఉందో చూసి వచ్చి ఒక్క ప్రశ్న అడిగేవారు. ఎవరినీ గుళ్లోంచి వెళ్లగొట్టలేదు. మా బాపు రానన్న రెండేండ్లూ క్రిస్మసుకు మా ఇంటి ముందుకొచ్చి పాట పాడించి పోయారు. యూదాకు దొరకని గుమ్మం మా బాపుకు దొరికింది. గుమ్మం తెరిచి పెట్టి, ప్రశ్న మాత్రం వదలకపోవడం, రెండూ ఒకే మనిషి చేయడం నేను ఆయన దగ్గరే చూశాను. ప్రశ్న వదిలేసి గుమ్మం తెరిచేవాళ్లు ఇప్పుడు చాలామంది, గుమ్మం మూసి ప్రశ్నలు వేసేవాళ్లు ఇంకా ఎక్కువ.

బాపు పోయే ముందు రెండు నెలలు మంచంలో ఉన్నాడు. ఒకరోజు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, “చెట్టు కొట్టియ్యకురా” అన్నాడు. ఇంకేం చెప్పలేదు. అప్పుడు నాకు అర్థం కాలేదు. కొట్టేస్తే గెట్టు ఎక్కడుండేదో చెప్పే సాక్షి పోతాడని ఆయన భయం. తాను చేయలేనిది నాకు వదిలిపెట్టి పోయాడు. నేనూ ముప్పై ఏండ్లు చేయలేదు. వెనకాల కూర్చున్నవాళ్లు వినబడలేదనుకుంటారేమో, మళ్లీ చెబుతున్నాను: నేనూ ముప్పై ఏండ్లు చేయలేదు. కొత్త పాస్‌బుక్కులు వచ్చినప్పుడు కాగితం మీద మూడెకరాలే అని చూసుకుని, కాగితం సరిగ్గానే ఉంది గదా అని ఊరుకున్నాను. తప్పు కాగితంలో లేదు, నేలలో ఉంది.

కమిటీవారి ఉత్తరం వచ్చిన నెలలో సర్వేయరును పిలిచి కొలిపించాను. పన్నెండడుగుల పట్టీ, నాలుగు గుంటలు. ఆ తల్లి లేదు. ఆమె కొడుకు గల్ఫు నుంచి వచ్చి ఊళ్లోనే ఉంటున్నాడు. అతని ముందు నిలబడి జరిగింది చెప్పాను. “మా అవ్వ ఉన్నప్పుడు వస్తే బాగుండు సార్” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నాలుగు గుంటలకు ఐదో వంతు కలిపితే ఐదుకు కొంచెం తక్కువ, ఐదే లెక్కేసి కొత్త రాళ్లు పాతించాం. పై గుంటకు దానపత్రం ఇంకా రాయించాల్సి ఉంది. వేపచెట్టు ఇప్పుడు వాళ్ల చేనులో ఉంది, గెట్టుకు మూడడుగుల అవతల.